మూకీల నాటి మనవాడు: పైడి జయరాజ్

(మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



ముందుగా మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతాను. సినిమా రంగంలో మన దేశం ఇచ్చే అతి పెద్ద గౌరవం దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు. అది అందుకున్న తెలుగువారెవరో చెప్పండి అంటే, మీరు తడుముకోకుండా అక్కినేని నాగేశ్వరరావుగారి పేరు చెబుతారు. కాస్త ఆలోచించి బి.ఎన్.రెడ్డి, ఎల్.వి.ప్రసాద్, నాగిరెడ్డి, రామానాయుడు, విశ్వనాథ్ గార్ల పేర్లు కూడా చెబుతారు. మనలో చాలామందిమి అక్కడితో ఆగిపోతాం. ఆ వరుసలో మరొకరు కూడా ఉన్నారు. అక్కినేనివారికి 1990 సంవత్సరానికి ఆ గౌరవం దక్కితే, ఆయనకు అంతకు పదేళ్ల ముందే, 1980 సంవత్సరానికే దక్కింది. నటుడిగా ఫాల్కే అవార్డు పొందిన మొట్టమొదటి తెలుగువాడు ఆయనే. పేరు పైడి జయరాజ్.

ఆయనదేదో దూరదేశం కాదండీ. సూరారం నుంచి మేం శామీర్‌పేట చేరుకుని, అక్కడ రాజీవ్ రహదారి పట్టుకుంటే తిన్నగా కరీంనగర్ వెళ్తాం. ఆ కరీంనగర్‌లోనే 1909 సెప్టెంబరు 28న జయరాజ్ పుట్టారు. చదువు హైదరాబాదు నిజాం కాలేజీలో. మరి ఇంత దగ్గరివాడు మనకు ఎందుకు తెలియకుండా పోయారు? కారణం ఉంది. ఆయన పేరు తెచ్చుకున్నది బొంబాయిలో. అదీ సినిమాకు ఇంకా మాటలు రాని రోజుల్లో.

మాటల్లేని సినిమాను 'మూకీ' అనేవారు. మన పిల్లలకు చెబితే నవ్వుతారు, మాటలు లేకుండా సినిమా ఏమిటి అని. తెర మీద బొమ్మలు కదిలేవి, పెదవులు ఆడేవి, కానీ శబ్దం ఉండేది కాదు. కథలో ఏం జరిగిందో, ఎవరు ఏమన్నారో నడుమ నడుమ అక్షరాల్లో వేసేవారు. చదువు రానివాళ్లే ఎక్కువ కాబట్టి హాల్లో ఒకాయన నిలబడి ఆ అక్షరాలు పైకి చదివేవాడు. తెర పక్కన హార్మోనియం, తబలా పెట్టుకుని కూర్చునేవారు. కథానాయకుడు గుర్రం మీద వస్తుంటే తబలా జోరందుకునేది. ఏడుపు సన్నివేశమైతే హార్మోనియం మెత్తబడేది. మనం పాత మూకీ ముక్కలు టీవీలో చూసినప్పుడు మనుషులు గబగబా నడుస్తున్నట్టు కనబడతారు కదా, నిజానికి వాళ్లు అలా నడవలేదు. ఆ రోజుల్లో కెమెరాను చేత్తో తిప్పేవారు. సెకనుకు సుమారు 16 బొమ్మలు పడేవి. టాకీలు వచ్చాక అది 24 అయింది. 16 లెక్కన తీసిన దాన్ని 24 లెక్కన నడిపిస్తే మనుషులు పరుగులు పెట్టినట్టే ఉంటుంది మరి.

మాట లేనప్పుడు నటుడికి మిగిలేది ముఖం, చేతులు, ఒళ్లు. అందుకే మూకీల్లో రెండు రకాల కథలు బాగా నడిచేవి. ఒకటి మన పురాణాలు. రాముణ్ణి, హరిశ్చంద్రుణ్ణి చూపిస్తే ఎవరికీ విడమరిచి చెప్పనక్కరలేదు. రెండోది సాహస కథలు. కత్తియుద్ధాలు, గుర్రపు స్వారీలు, మేడ మీంచి దూకడాలు. దీనికి భాషతో పనేముంది?

ఈ సాహస కథల గాలి అమెరికా నుంచి వచ్చింది. అక్కడ టామ్ మిక్స్ అని ఒక నటుడుండేవాడు. 1880లో పుట్టాడు. తలమీద పెద్ద టోపీ, నడుముకు తుపాకీ, పశువుల మందల నడుమ తిరిగే కౌబాయ్ వేషాలు వేసి పిల్లలకు దేవుడైపోయాడు. ఆయన గుర్రం పేరు టోనీ. దానికి కూడా ఆయనంత పేరు. ప్రమాదకరమైన ఫీట్లు చాలావరకు తానే చేసేవాడు, దెబ్బలూ తినేవాడు. ఇంకొకాయన డగ్లస్ ఫెయిర్‌బాంక్స్. 1924లో ఆయన తీసిన 'థీఫ్ ఆఫ్ బాగ్దాద్' మన దేశంలో కూడా విరగబడి ఆడింది. బొంబాయి నిర్మాతలు అది చూసి, మనకూ అటువంటి వీరుడు కావాలి, గుర్రమెక్కగలవాడు, కత్తి తిప్పగలవాడు, చూడడానికి నిండుగా ఉండేవాడు కావాలి అనుకున్నారు. అలాంటి సమయంలో బొంబాయిలో దిగాడు మన కరీంనగర్ కుర్రవాడు.

ఇక్కడ మీకొక సందేహం రావచ్చు. సినిమాల్లో చేరడానికి బొంబాయి దాకా పోవాలా, హైదరాబాదులో ఎవరూ సినిమాలు తీయలేదా అని. తీశారు! 1922లో ధీరేంద్రనాథ్ గంగూలీ అనే బెంగాలీ కళాకారుడు హైదరాబాదులో లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టి వరుసగా మూకీలు తీశారు. అప్పటికి జయరాజ్‌కు పదమూడేళ్లు. కానీ 1924లో గంగూలీగారు 'రజియా బేగం' అనే సినిమా ప్రదర్శించారు. ఢిల్లీని ఏలిన సుల్తానా కథ అది. నిజాం ప్రభువుకు ఆగ్రహం కలిగి, రాజ్యం విడిచి వెళ్లమని ఆజ్ఞ అయింది. ఆయన కలకత్తా వెళ్లిపోయారు. తర్వాత ఆయనకు కూడా ఫాల్కే అవార్డు వచ్చింది, అది వేరే సంగతి. అటు మద్రాసులో మన రఘుపతి వెంకయ్యగారు కొడుకు ప్రకాశ్‌తో కలిసి 1921లో 'భీష్మ ప్రతిజ్ఞ' తీసి మూకీలకు పునాది వేశారు. మొత్తానికి 1929 నాటికి హైదరాబాదు కుర్రవాడు సినిమా నటుడు కావాలంటే వాడీ జంక్షన్ మీదుగా బొంబాయి రైలెక్కడమే దారి.

ఆ ఏడే జయరాజ్ బొంబాయి చేరారు. ఇరవై ఏళ్ల వయసు. మంచి ఎత్తు, వ్యాయామం చేసిన ఒళ్లు. 'జగ్‌మగాతీ జవానీ' అనే మూకీతో తెర మీదికి వచ్చారు. ఆ తర్వాత 'రసీలీ రాణీ' వంటి చిత్రాల్లో కథానాయకుడయ్యారు. రెండు మూడేళ్లలో పది దాకా మూకీలు చేశారు. సాహసాలు చేయడానికి ఇప్పటిలా వేరే మనుషులు, కింద మెత్తటి పరుపులు, తాళ్లు ఎక్కడివి? దూకాల్సినవాడు దూకాలి, పడాల్సినవాడు పడాలి.

ఇంతలో పెద్ద మార్పు వచ్చి పడింది. 1931 మార్చి 14న బొంబాయి మెజెస్టిక్ థియేటర్లో 'ఆలం ఆరా' విడుదలైంది. సినిమాకు మాట వచ్చింది, పాట వచ్చింది. మరుసటి సంవత్సరం ఫిబ్రవరిలో మన తెలుగు 'భక్త ప్రహ్లాద' కూడా వచ్చింది. చూసేవాళ్లకు పండగే. కానీ మూకీ నటుల సంగతి ఆలోచించారా? నిన్నటి దాకా అందమైన ముఖం చాలు. ఇవాళ నోరు విప్పాలి. హిందుస్తానీ స్పష్టంగా మాట్లాడాలి. తెర వెనక వేరేవాళ్లు పాడే పద్ధతి ఇంకా రాలేదు గనుక పాట కూడా తానే పాడాలి. ఎందరో మూకీ తారలు ఆ ఒక్క ఏడాదిలో ఇంటి దారి పట్టారు.

ఆడవాళ్లలో ఒక ఉదాహరణ చెబుతాను. సులోచన అని పెద్ద తార ఉండేది. అసలు పేరు రూబీ మేయర్స్. యూదు కుటుంబం. టెలిఫోన్ ఆపరేటర్‌గా పనిచేసి సినిమాల్లోకి వచ్చింది. మూకీల్లో ఆమెను మించిన తార లేదు. కానీ హిందుస్తానీ సరిగా రాదు. ఆమె ఏం చేసింది? బెంగపెట్టుకుని కూర్చోలేదు. ఏడాది పాటు పని మానుకుని పట్టుబట్టి భాష నేర్చుకుంది. తర్వాత తన మూకీలనే టాకీలుగా తీస్తే వాటిలో తానే నటించింది. 1934లో 'ఇందిరా ఎం.ఏ.', 1935లో 'అనార్కలి' అలా వచ్చినవే. ఫాల్కే అవార్డు ఆమెకు కూడా 1973 సంవత్సరానికి దక్కింది.

జయరాజ్‌కు ఆ బాధ రాలేదు. ఎందుకంటే ఆయన హైదరాబాదువాడు. ఇంట్లో తెలుగు, బజార్లో ఉర్దూ, కాలేజీలో ఇంగ్లీషు. ఇది ఎవరూ డబ్బిచ్చి నేర్పిన విద్య కాదు. ఊరు నేర్పిన విద్య. మా సూరారంలోనే చూడండి. పక్కనే జీడిమెట్ల కర్మాగారాలు. ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి ఉంటారు. కూరగాయల బండి దగ్గర, నీళ్ల దగ్గర మన ఆడవాళ్లు మూడు భాషల్లో బేరమాడి, మూడు భాషల్లో పోట్లాడి, మూడు భాషల్లో స్నేహం చేస్తారు. "మాకేం వచ్చండీ, మేం చదువుకోలేదు" అని మళ్లీ వాళ్లే అంటారు! మనకు ఉన్నదేదో మనమే గుర్తించం. హైదరాబాదు వీధుల్లో ఊరికే అబ్బిన ఆ ఉర్దూయే జయరాజ్‌కు టాకీల్లో అన్నం పెట్టింది. 1932లో 'షికారి'తో ఆయన మాట్లాడే నటుడయ్యారు.

ఆ తర్వాత వచ్చిన సినిమాల్లో ఒకదాని సంగతి మీకు ప్రత్యేకంగా చెప్పాలి. 1934లో మోహన్ భవనానీ అనే దర్శకుడు 'మిల్' అనే చిత్రం తీశారు. 'మజ్దూర్' అని కూడా అంటారు. దానికి కథ రాసిందెవరో తెలుసా? సాక్షాత్తు మున్షీ ప్రేమ్‌చంద్! మనం 'గోదాన్' రచయితగా ఎరిగిన ఆ ప్రేమ్‌చందే. మిల్లు యజమాని చనిపోతాడు. కొడుకు జల్సారాయుడై కార్మికులను పీడిస్తాడు. కూతురు మాత్రం కార్మికుల కష్టం చూసి అన్నకు ఎదురు తిరుగుతుంది. ఆ కూతురుగా బిబ్బో అనే నటి, ఆమె అండగా నిలిచే కార్మికుడిగా జయరాజ్ వేశారు. బొంబాయి నిండా బట్టల మిల్లులాయె. ఈ బొమ్మ ఆడితే కార్మికులు రెచ్చిపోతారని అక్కడ దాన్ని నిషేధించారు. ప్రేమ్‌చంద్‌కు సినిమాల మీద మనసు విరిగి మరుసటి ఏడాదే కాశీకి వెళ్లిపోయారు. కర్మాగారాల పక్కన బతుకుతున్న మాలాంటివాళ్లకు, ఆ సినిమా చూడాలని ఎంత ఆశగా ఉంటుందో చెప్పలేను. ఆ బొమ్మ సంగతి ఆఖర్న మళ్లీ చెబుతాను.

1938లో బాంబే టాకీస్ వారి 'భాభీ'లో జయరాజ్ కథానాయకుడు. 1943లో 'హమారీ బాత్'. అందులో కథానాయిక దేవికారాణి. ఆనాటి తెరకు మహారాణి అనిపించుకున్న దేవికారాణి నటించిన చివరి చిత్రం అదే. ఆమె బాంబే టాకీస్ యజమానురాలు కూడా. 1945లో ఆ సంస్థ తీసిన 'ప్రతిమ' చిత్రానికి దర్శకత్వం జయరాజ్‌కు అప్పగించారు. అందులో హీరో ఎవరనుకున్నారు? దిలీప్ కుమార్. అప్పటికి ఆయన కొత్తవాడు, అది ఆయన రెండో సినిమా. అంటే మన కరీంనగర్ ఆయన చెప్పినట్టల్లా దిలీప్ కుమార్ నటించాడన్నమాట!

స్వాతంత్ర్యం వచ్చాక మరో తరం వచ్చింది. రాజ్ కపూర్, దిలీప్, దేవానంద్. జయరాజ్‌కు నలభై దాటింది. ప్రేమకథల్లో పడుచువాడి వేషాలు ఇక రావు. అప్పుడాయన తన పాత విద్యనే మళ్లీ బయటికి తీశారు, గుర్రమూ కత్తీ. 1956లో 'హాతింతాయి', 1959లో 'సమ్రాట్ పృథ్వీరాజ్ చౌహాన్', 1960లో 'వీర్ దుర్గాదాస్', 1963లో 'చంద్రశేఖర్ ఆజాద్'. చరిత్రలో వీరుడెవరైనా సరే, ఉత్తరాదివాళ్ల కళ్లకు జయరాజ్ రూపంలోనే కనబడేవాడు. 'వీర్ దుర్గాదాస్'లో ఆయన సరసన నటించిన నిరూపా రాయ్ తర్వాత 'దీవార్'లో అమితాబ్ బచ్చన్‌కు తల్లిగా మనందరికీ తెలిసిన అమ్మే. రాజపుత్రుల వీరుడిగా తెలంగాణవాణ్ణి చూసి రాజస్థాన్‌వాళ్లు చప్పట్లు కొట్టారంటే, అదీ కళ అంటే!

విదేశీ చిత్రాల్లో కూడా చేశారు. గాంధీజీ హత్య నేపథ్యంగా 1963లో వచ్చిన 'నైన్ అవర్స్ టు రామా'లో పారిశ్రామికవేత్త బిర్లా పాత్ర. 1966లో వచ్చిన 'మాయా' అనే హాలీవుడ్ చిత్రంలో క్లింట్ వాకర్‌తో కలిసి నటించారు. ఈ క్లింట్ వాకర్ అమెరికా టీవీలో కౌబాయ్ వేషాలకు పెట్టింది పేరు. ఒకప్పుడు అమెరికా సాహస వీరుల గాలికి మన తెర మీద పుట్టిన వీరుడు, చివరికి ఆ అమెరికా వీరుడి పక్కనే నిలబడ్డాడు.

ఇక నేను ముఖ్యంగా చెప్పదలచుకున్న మాటకు వస్తాను.

1975లో వచ్చిన 'షోలే' మీలో చూడనివారుండరు. గబ్బర్ సింగ్ గుర్తున్నాడు, బసంతి గుర్తుంది. కానీ అందులో పోలీసు కమిషనర్‌గా ఒక పెద్దాయన కాసేపు కనిపిస్తాడు, గుర్తున్నాడా? ఆయనే జయరాజ్. 1978లో వచ్చిన 'డాన్'లోనూ ఉన్నారు. అప్పటికి ఆయన వయసు అరవై అయిదు దాటింది. పృథ్వీరాజ్‌గా సింహాసనం మీద కూర్చున్న మనిషి, నాలుగు మాటలుండే చిన్న వేషం వేసుకోవడానికి పొద్దున్నే ముఖానికి రంగు పూసుకుని వెళ్లాడు. అలా ఒక సినిమా రెండు సినిమాలు కాదు. డెబ్భైలు, ఎనభైలు దాటేదాకా చేస్తూనే ఉన్నారు. మొత్తం మీద నూటయాభైకి పైగా చిత్రాలు.

టామ్ మిక్స్‌ను తలచుకోండి. టాకీలు వచ్చాక ఆయన కొద్ది చిత్రాలు మాత్రమే చేసి తప్పుకున్నాడు. సర్కసు పెట్టుకుని ఊరూరా తిరిగాడు. 1940లో అరిజోనా రోడ్డు మీద కారు ప్రమాదంలో పోయాడు. ఆయన పెద్ద నటుడు కాడని కాదు. హీరోగా తప్ప మరోలా తెర మీద నిలబడే దారి ఆయనకు దొరకలేదు. జయరాజ్‌కు దొరికింది. హీరో కానప్పుడు తండ్రి వేషం, తండ్రి కానప్పుడు జడ్జి వేషం, పోలీసు వేషం. ఏదైనా సరే పనే.

ఈ మాట మన ఇళ్లకు కూడా వర్తిస్తుందనుకుంటాను. నిన్నటి దాకా ఇంటి తాళంచెవుల గుత్తి మన నడుముకు ఉంటుంది. వంటింట్లో మనం అన్నదే వేదం. ఒకరోజు కోడలు వస్తుంది, గుత్తి చేతులు మారుతుంది. మనకు చిక్కుడుకాయలు ఒలిచే పని, మనవణ్ణి స్కూలు బస్సు ఎక్కించే పని మిగులుతాయి. "ఇంత చేసినదాన్ని, ఇప్పుడు ఇదా నా బతుకు" అని ఎందరు తల్లులు కుమిలిపోతున్నారో నాకు తెలుసు. మీకూ తెలుసు. అయిదు నిమిషాల వేషానికి కూడా కొలత ప్రకారం బట్టలు వేసుకుని, వేళకు వెళ్లి నిలబడిన ఆ మనిషిని తలచుకుంటే నాకు ధైర్యం వస్తుంది. పాత్ర చిన్నదైతే మనిషి చిన్నవాడైపోడు కదా. అయితే ఇందులో కోడళ్లకు కూడా ఒక మాట ఉంది. ఆ చిన్న వేషం వేస్తున్న పెద్దావిడ ఒకప్పుడు ఏ సింహాసనం మీద కూర్చుందో ఒక్కసారి అడిగి తెలుసుకోండి.

జయరాజ్ పంజాబీ ఇంటి అమ్మాయిని పెళ్లాడి బొంబాయిలోనే స్థిరపడ్డారు. 2000 ఆగస్టు 11న, తొంభై ఏళ్ల వయసులో అక్కడే కన్నుమూశారు. హైదరాబాదు రవీంద్రభారతిలో ప్రివ్యూ థియేటర్‌కు ఆయన పేరు పెట్టుకున్నాం, సంతోషం. కానీ ఆయన యవ్వనం నింపుకున్న ఆ మూకీలు చూద్దామంటే?

ఇందాక 'మిల్' సంగతి ఆఖర్న చెబుతానన్నాను. ఆ సినిమా ఇప్పుడు లేదు. ప్రేమ్‌చంద్ కథ, మన జయరాజ్ నటన, అంతా పోయింది. మూకీల సంగతి మరీ దారుణం. మన దేశంలో పదమూడు వందలకు పైగా మూకీలు తీశారు. వాటిలో ఇవాళ పూర్తిగానో, ముక్కలుగానో మిగిలినవి మూడు పదులైనా లేవు. ఆ కాలపు ఫిల్ము ఇట్టే అంటుకునేది, అగ్ని ప్రమాదాల్లో కొంత పోయింది. ఉక్కపోతకు పాడైపోయి కొంత పోయింది. మిగిలినదాన్ని, టాకీలు వచ్చాయి కదా ఇక వీటితో పనేమిటని తూకానికి అమ్మేశారు. ఫిల్ములో వెండి ఉంటుంది. దాన్ని కడిగి వెండి తీసుకునేవారు. మిగిలిన సెల్యులాయిడ్ గాజులకు, ఆడవాళ్ల చేతి సంచులకు పోయేదని పాత చిత్రాలు సేకరించినవారు చెబుతారు. మన అమ్మమ్మలు చేతికి వేసుకున్న ఏ గాజులో ఏ నటుడి నవ్వు కరిగిపోయిందో! 1964లో పుణెలో జాతీయ ఫిల్ము భాండాగారం పెట్టేనాటికే చాలా వరకు చేయి దాటిపోయింది.

విలువ లేదనుకున్నది ముందు అమ్ముడుపోతుంది, తర్వాత మరపున పడుతుంది. సినిమా ఒక్కటే కాదు, ఇంట్లోనూ అంతే. అందుకే మీకొక చిన్న పని చెబుతాను. ఈ వారం మధ్యాహ్నం ఎప్పుడైనా తీరిక దొరికితే పాత ట్రంకు పెట్టె తీయండి. అందులో నలుపు తెలుపు ఫోటోలు ఉంటాయి. అత్తగారినో, అమ్మనో పక్కన కూర్చోబెట్టుకుని, ఇది ఎవరు, ఏ ఊరు, ఏ సంవత్సరం అని అడగండి. ఫోటో వెనక మెత్తటి పెన్సిలుతో రాయండి. గట్టిగా నొక్కితే అచ్చు ముందుకు పడుతుంది, జాగ్రత్త. చెప్పేవాళ్లు ఉన్నప్పుడే రాసుకోవాలి. లేకపోతే ఆ బొమ్మలు కూడా మూకీలైపోతాయి. అక్షరాలు చదివి చెప్పేవాడు లేని మూకీలు.